నాలుగు ఆసుల లెక్క అడిగిన మనిషి: ఈజ్లీ బ్లాక్‌వుడ్

స్వర్ణోత్సవ సంచికకు ఎవరైనా ప్రసిద్ధుల జీవితం రాసి ఇవ్వమని సంఘం మిత్రులు అడిగారు. రుద్రమదేవి గురించి, కాళోజీ గారి గురించి నాకంటే బాగా రాయగలవాళ్ళు మన బడిలో చదివినవాళ్ళే చాలామంది ఉన్నారు. అందుకని వాళ్ళెవరూ ముట్టుకోని మనిషిని ఎంచుకున్నాను. ఆయన పేరు ఈజ్లీ బ్లాక్‌వుడ్. అమెరికాలో బీమా కంపెనీ ఉద్యోగి. బ్రిడ్జ్ అనే పేకాటలో ఒక ప్రశ్న కనిపెట్టాడు. ఆ ప్రశ్నను ప్రపంచమంతా నేర్చుకుంది. దాన్ని ఎప్పుడు అడగకూడదో చెప్పడానికి మాత్రం ఆయనకు మిగతా జీవితమంతా పట్టింది.

ముందుగా మన గురువులకు క్షమాపణ చెప్పుకోవాలి. బడి సంచికలో పేకాట గురించి రాతలా అని నొసలు చిట్లించేవారు ఉంటారు. మా రోజుల్లో కోట గోడ నీడన ముక్కలతో దొరికినవాడికి సార్ల చేతిలో ఏమయ్యేదో నాకు గుర్తే. డబ్బు పెట్టి ఆడే ఆటను నేనూ సమర్థించను. కానీ సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళినప్పుడు, రమ్మీ కేవలం అదృష్టం మీద నడిచే ఆట కాదని, దానికి నేర్పు కావాలని 1967లో తీర్పు వచ్చింది. రమ్మీలో అదృష్టం పాలు ఎంత అని చెప్పడానికి న్యాయమూర్తులు పోలికగా తీసుకున్నది బ్రిడ్జ్‌నే. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబనాథ్ సర్కార్ అనే ఇద్దరు పెద్దమనుషులు ఇదే ఆటలో మన దేశానికి బంగారు పతకం తెచ్చారు. అప్పటికి బర్ధన్ గారి వయసు 60. కాబట్టి ఈ ఒక్కసారికి మన్నించండి.

ఆట తెలియనివారి కోసం నాలుగు మాటలు. బ్రిడ్జ్ నలుగురి ఆట. ఎదురెదురుగా కూర్చున్న ఇద్దరూ ఒక జోడీ. 52 ముక్కలు పంచితే మనిషికి 13. ఒక్కొక్కరు ఒక్కో ముక్క వేస్తే నాలుగు ముక్కలకు ఒక పట్టు. మొత్తం 13 పట్లు. ఆట మొదలయ్యే ముందు వేలంపాట జరుగుతుంది. ఏ రంగు తురుపుగా ఎన్ని పట్లు తెస్తామో పాడాలి. ఆరు పట్లు లెక్కలోకి రావు. ఒకటి అని పాడితే ఏడు పట్లు, ఆరు అని పాడితే 12 పట్లు, ఏడు అని పాడితే మొత్తం 13. రంగుల్లో కళావరు అన్నిటికన్నా కింద. దాని పైన డైమను, ఆ పైన ఆఠీను, ఆ పైన ఇస్పేటు. అన్నిటికీ పైన తురుపు లేని ఆట, అంటే నో ట్రంప్. కొత్త పాట పాత పాట కంటే పైన ఉండాలి. జోడీదారు చేతిలో ఏముందో చూడకూడదు, సైగ చెయ్యకూడదు. వేలంలో పాడే పాట ఒక్కటే ఇద్దరి మధ్య భాష. 12 పట్లు పాడి తెస్తే అది చిన్న స్లామ్, 13 పాడి తెస్తే పెద్ద స్లామ్. స్లామ్‌కు అదనపు పాయింట్లు చాలా ఎక్కువ. తేలేకపోతే మాత్రం చేతిలో ఉన్నదీ పోతుంది.

ఈ స్లామ్‌కు ఇంత విలువ ఎలా వచ్చిందో చెబితే తప్ప బ్లాక్‌వుడ్ గొప్పతనం అర్థం కాదు. పాత ఆటలో ఎంత పాడినా, ఎన్ని పట్లు వస్తే అన్నింటికీ లెక్క వచ్చేది. కనుక తక్కువ పాడి ఎక్కువ తెచ్చుకోవడమే తెలివి. హెరాల్డ్ వాండర్‌బిల్ట్ అనే అమెరికా శ్రీమంతుడు 1925లో లాస్ ఏంజెలెస్ నుంచి పనామా కాలువ మీదుగా హవానాకు ఓడ ప్రయాణం చేస్తూ, తోటి ప్రయాణికులతో కొత్త లెక్కల పద్ధతిని ఆడి చూశాడు. అందులో పాడినంత వరకే గెలుపు. 12 పట్లు తెచ్చినా ముందే పాడకపోతే స్లామ్ బహుమానం లేదు. అదే కాంట్రాక్ట్ బ్రిడ్జ్. ఆ రోజు నుంచి ప్రతి జోడీ ముందూ ఒక ప్రశ్న నిలబడింది. ఎదుటివాడి ముక్కలు చూడకుండా, మా ఇద్దరి దగ్గరా కలిపి 12 పట్లు ఉన్నాయని ఎలా తెలుసుకోవాలి?

ఈజ్లీ రట్లాండ్ బ్లాక్‌వుడ్ 1903 జూన్ 25న అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్‌లో పుట్టాడు. మెట్రోపాలిటన్ లైఫ్ అనే పెద్ద బీమా కంపెనీలో ఉద్యోగం చేశాడు. ఇండియానా రాష్ట్రంలోని ఇండియానాపొలిస్ నగరంలో స్థిరపడ్డాడు. పేక ముక్కల మీద బతికే వృత్తి ఆటగాడు కాదు. పగలు పాలసీలు, ప్రీమియంలు, ఏజెంట్ల లెక్కలు చూసుకుని, సాయంత్రం ఆడుకునే గృహస్థు. నేనూ బీమా శాఖలోనే ముప్పై ఏళ్ళు చేశాను కనుక ఆ జీవితం నాకు తెలుసు. మా పనిలో ప్రధానమైనది సరైన ప్రశ్న అడగడమే. ప్రపోజల్ ఫారంలో ఏ ప్రశ్న ఉండాలి, ఏది అనవసరం, ఏ జవాబుకు ఎంత బరువు ఇవ్వాలి అన్నదాని మీదే అంతా నిలబడుతుంది. ఆ చూపునే ఆయన పేక బల్ల దగ్గరికీ తెచ్చాడని నాకు అనిపిస్తుంది.

1930 ప్రాంతంలో అమెరికాలో బ్రిడ్జ్ అంటే ఈలై కల్బర్ట్‌సన్. రుమేనియాలో పుట్టిన ఈ అమెరికన్ 1929లో ది బ్రిడ్జ్ వరల్డ్ అనే పత్రిక పెట్టాడు. 1931 డిసెంబరులో మొదలై 1932 జనవరిలో ముగిసిన 150 రబ్బర్ల పందెంలో సిడ్నీ లెంజ్ జట్టును 8,980 పాయింట్ల తేడాతో ఓడించాడు. పత్రికలు ఆ పోటీని యుద్ధవార్తల్లా మొదటి పేజీల్లో వేశాయి. స్లామ్ వెతకడానికి కల్బర్ట్‌సన్‌కు సొంత పద్ధతి ఉంది. అందులో నాలుగు నో ట్రంప్ పాడాలంటే పాడేవాడి దగ్గర మూడు ఆసులు ఉండాలి, లేదా రెండు ఆసులూ తమ జోడీ పాడిన రంగులో ఒక రాజూ ఉండాలి. మంచి పద్ధతే. కానీ షరతులు ఎక్కువ, అలాంటి చేయి రోజూ రాదు. సాయంత్రం సరదాగా ఆడుకునే గృహస్థుకు అది గుర్తుండేది కాదు.

1933లో బ్లాక్‌వుడ్ వయసు 30. ఆ ఏడాది ఏప్రిల్‌లో ఆయనకు కొడుకు పుట్టాడు. అదే ఏడాది ఆయన తన పద్ధతిని తయారుచేశాడు. అది చిన్నపిల్లలకు కూడా నోటికి వస్తుంది. తురుపు రంగు కుదిరాక ఒకరు నాలుగు నో ట్రంప్ పాడితే, దాని అర్థం నీ దగ్గర ఎన్ని ఆసులున్నాయి అని అడగడం. ఒక్కటీ లేకపోతే ఐదు కళావరు. ఒకటి ఉంటే ఐదు డైమను. రెండుంటే ఐదు ఆఠీను. మూడుంటే ఐదు ఇస్పేటు. నాలుగూ ఉంటే ఏమనాలన్నది మొదట్లో వేరుగా ఉన్నా, తర్వాత దాన్ని కూడా ఐదు కళావరులోనే కలిపారు. ఒక్కటీ లేనివాడికీ నాలుగూ ఉన్నవాడికీ తేడా అడిగినవాడికి తన చేయి చూస్తేనే తెలిసిపోతుంది కదా. ఆసులన్నీ తమ వైపే ఉంటే ఐదు నో ట్రంప్ పాడి రాజుల లెక్క కూడా అడగవచ్చు. నాలుగు నో ట్రంప్ అన్న పాట మామూలుగా ఎవరికీ పెద్దగా అవసరం పడదు. ఊళ్ళో వాడకంలో లేని బాట ఒకటి చూసి, దాన్ని కొత్త పనికి మళ్ళించినట్టు ఆయన ఆ పాటను వాడుకున్నాడు.

ఈ పద్ధతిని వివరిస్తూ వ్యాసం రాసి, ఎర్నెస్ట్ వర్మ్‌వుడ్ అనే మారుపేరుతో ది బ్రిడ్జ్ వరల్డ్‌కు పంపాడు. పత్రిక వేసుకోలేదు. మన సంచికకు పంపిన కవిత తిరిగొచ్చినవాళ్ళు ఇక్కడ ధైర్యం తెచ్చుకోవచ్చు. వ్యాసం అచ్చు కాకపోయినా పద్ధతి ఆగలేదు. ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు, ఒక క్లబ్బు నుంచి ఇంకో ఊరికి నోటి మాటగా పాకింది. కొన్నేళ్ళకే అది బ్లాక్‌వుడ్ అనే ఆయన ఇంటిపేరుతో ప్రపంచమంతా తెలిసింది. నేడు ఏ దేశంలోనైనా బ్రిడ్జ్ నేర్చుకునేవాడు మొదటి నెలలోనే ఆ పేరు వింటాడు. ఆయన మనిషా, ఊరా, చెట్టా అని మాత్రం చాలామందికి తెలియదు. నాకూ చాలాకాలం తెలియలేదు.

అది ఎలా తెలిసిందో చెప్పాలంటే నా పొరపాటు ఒకటి ఒప్పుకోవాలి. మన బడిలో ఒకే బెంచీలో కూర్చున్న మిత్రుడూ నేనూ ఉద్యోగాల్లో చేరాక మళ్ళీ కలిసి బ్రిడ్జ్ జోడీ అయ్యాం. అతను నెమ్మదస్తుడు, నేను తొందరపాటు మనిషిని. ఒక పోటీలో చివరి పంపకం. ఇంకొంచెం వస్తే తర్వాతి రౌండుకు వెళ్తాం. మిత్రుడు ఒక ఆఠీను పాడాడు. ప్రత్యర్థి మాకు దారి ఇవ్వకుండా ఒక్కసారే మూడు ఇస్పేటుకు ఎగిరాడు. నా చేతిలో ఇస్పేటు ఒక్కటీ లేదు. ఆఠీనులో రాజు, రాణి, ఎనిమిది, ఆరు, మూడు. డైమనులో రాజు, రాణి, జాకీ, తొమ్మిది, నాలుగు. కళావరులో ఆసు, ఏడు, మూడు. స్లామ్ వాసన నాకు తగిలింది. ఆలోచించకుండా నాలుగు నో ట్రంప్ పాడాను. మిత్రుడు ఐదు డైమను అన్నాడు. అంటే అతని దగ్గర ఒక ఆసు. నాది ఒకటి, అతనిది ఒకటి. రెండు ఆసులు బయట ఉన్నాయని భయపడి ఐదు ఆఠీనులో ఆగిపోయాను.

మిత్రుడి దగ్గర ఉన్నది ఆఠీను ఆసు. బయట ఉన్నవి ఇస్పేటు ఆసు, డైమను ఆసు. నా దగ్గర ఇస్పేటు లేదు కనుక ప్రత్యర్థి ఇస్పేటు ఆసును తురుపుతో కోసేశాం. పోయింది డైమను ఆసు ఒక్కటే. 12 పట్లు వచ్చాయి. ఆ పంపకంలో మాకు వచ్చింది 680. ఆరు ఆఠీను పాడి ఉంటే 1,430. ఆ 750 తేడాతో తర్వాతి రౌండు పోయింది.

అదే ఐదు డైమను జవాబుకు ఇంకో రూపం కూడా ఉంది. మిత్రుడి ఆసు ఆఠీనుది కాకుండా ఇస్పేటుది అయి ఉంటే, అది నా ఖాళీ రంగులో పడి వృథా అయ్యేది. ఆఠీను ఆసు, డైమను ఆసు రెండూ ప్రత్యర్థులకు పోయేవి. అప్పుడు 11 పట్లే. అంటే ఒకే జవాబుకు ఒకసారి స్లామ్ ఉంది, ఇంకోసారి లేదు. మన కోటలో నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు ఉన్నాయి కదా. ఎవరైనా ఫోన్ చేసి నేను ఒక తోరణం దగ్గర నిలబడ్డాను రా అంటే మనం ఎటు పోతాం? తోరణాలు ఎన్ని అన్నది కాదు, ఏ తోరణం అన్నది కావాలి. నా చేతికి కావలసిన ప్రశ్న కూడా ఎన్ని అని కాదు, ఏది అని. నేను తప్పు ప్రశ్న అడిగాను. మిత్రుడు ఇచ్చిన నిజమైన జవాబు నాకు పనికి రాలేదు.

ఆ రాత్రి మిత్రుడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. వారం తర్వాత బ్లాక్‌వుడ్ గురించిన పుస్తకం ఒకటి తెచ్చి చేతిలో పెట్టాడు. అందులో నాకు ఆశ్చర్యం కలిగించినది ఆ పద్ధతి కాదు. ఆ పద్ధతిని కనిపెట్టిన మనిషే దాన్ని అతిగా వాడవద్దని ఎన్నోసార్లు హెచ్చరించాడన్న సంగతి.

ఆయన బోధనల సారం నాకు అర్థమైనంతలో ఇది. చేతిలో ఒక రంగు పూర్తిగా లేకపోతే ఆసుల లెక్క అడగవద్దు, నాకు జరిగినట్టే జరుగుతుంది. ఎవరూ పాడని రంగులో చేతిలో రెండు చిన్న ముక్కలే ఉన్నప్పుడు అడగవద్దు. ఒక్క ఆసే బయట ఉందని తెలిసినా, ఆ రంగులోనే ఆసూ రాజూ ప్రత్యర్థి దగ్గర ఉంటే వరసగా రెండు పట్లు పోతాయి. కళావరు తురుపు అయినప్పుడు మరీ జాగ్రత్త. ఒక ఆసు ఉందన్న జవాబే ఐదు డైమను, అంటే మనం ఆగాలనుకున్న ఐదు కళావరును అప్పటికే దాటేసినట్టు. ఏ జవాబు వస్తే ఏం చేస్తానో ముందే నిర్ణయించుకోకుండా అడగవద్దు. అసలు నాలుగు నో ట్రంప్ స్లామ్‌ను వెతికే పనిముట్టు కాదు. స్లామ్ ఉన్నట్టే అని ఇద్దరికీ కుదిరాక, రెండు ఆసులు బయట ఉన్నాయేమో చూసుకుని తప్పుకోవడానికి వేసిన తాళం. ఇద్దరి బలమూ సరిపోతుందా లేదా అన్న సంగతి అంతకు ముందే తేలాలి. ఇప్పటి లెక్కలో ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 వేసుకుంటే పేకలో మొత్తం 40 పాయింట్లు. చిన్న స్లామ్‌కు సుమారు 33, పెద్ద స్లామ్‌కు 37 కావాలంటారు. రంగులు బాగా కుదిరితే, ఖాళీ రంగు ఉంటే అంతకన్నా తక్కువలోనే వస్తుంది. మా ఇద్దరివీ కలిపితే ఆ రోజు 27 పాయింట్లే, అందులో మిత్రుడి ఇస్పేటు రాణి ఎందుకూ పనికిరాలేదు. అయినా స్లామ్ ఉంది.

మరి నేనేం పాడాల్సింది? ప్రత్యర్థి పాడిన రంగునే, అంటే నాలుగు ఇస్పేటు. తురుపు నీ ఆఠీనే, ఇస్పేటులో నాకు భయం లేదు, స్లామ్ మీద ఆశ ఉంది అని ఆ ఒక్క పాట చెబుతుంది. నాలుగు నో ట్రంప్ కంటే ఒక మెట్టు కిందే ఉంటుంది కనుక ఐదు ఆఠీనులో ఆగే అవకాశమూ పోదు. అప్పుడు నిర్ణయం మిత్రుడి చేతికి వెళ్తుంది. ఇస్పేటు ఆసు తన దగ్గరే ఉంటే, నా భయం లేకపోవడానికి కారణం ఖాళీ రంగే అని అతనికి తెలిసిపోతుంది. తన ఆసు వృథా అని గ్రహించి ఐదు ఆఠీనులో ఆపేస్తాడు. ఆసు తురుపులో ఉండి, కళావరులో రాజూ రాణీ ఉంటే తన ముక్కలన్నీ పనికొచ్చేవే అని ముందుకు పోతాడు. అంటే ప్రశ్న అడగడం మాని, నా సంగతి చెప్పి, అతన్ని ఆలోచించనివ్వాలి. నేను అతన్ని నమ్మలేదు. అంతా నేనే తేల్చాలనుకున్నాను. అసలు తప్పు అక్కడ ఉంది.

ప్రత్యర్థులు పోటీగా పాడుతున్నప్పుడు ఈ నిర్ణయం ఇంకా కష్టం. వాళ్ళు ఎగిరి పాడేది గెలవాలని కాదు, మన మాటలకు చోటు లేకుండా చెయ్యాలని. రెండు మూడు మెట్లు వాళ్ళు తినేస్తే మనం చెప్పుకోవలసినవి చెప్పుకోలేం. నాలుగు నో ట్రంప్ పాడాక కూడా ప్రత్యర్థి ఐదు ఇస్పేటు అని అడ్డు రావచ్చు. అప్పుడు జవాబు ఎలా చెప్పాలి? దీనికి ఆటగాళ్ళు తర్వాత ఒక తేలిక సూత్రం పెట్టుకున్నారు. ఆసు లేకపోతే డబుల్ అనాలి. ఒకటి ఉంటే పాస్ అనాలి. రెండుంటే పైన ఉన్న తర్వాతి పాట పాడాలి. ప్రత్యర్థి పాట పాడకుండా డబుల్ అంటే, లేనప్పుడు రీడబుల్, ఒకటి ఉంటే పాస్. ఇంకో చిక్కు కూడా ఉంది. ప్రత్యర్థులు ఓడిపోతామని తెలిసే పాడవచ్చు. వాళ్ళు గేమ్ లేని స్థితిలో ఉండి, డబుల్ మీద నాలుగు పట్లు తక్కువపడితే మనకు వచ్చేది 800. మన స్లామ్ విలువ 1,430 అయితే వాళ్ళకు అది లాభసాటి బేరం. మనకు స్లామ్ లేకపోతే 800 మనకే లాభం. అందుకని స్లామ్ ఉందా లేదా అన్నది పోటీలో ఇంకా ముందే, ఇంకా తక్కువ మాటల్లో తేలాలి. తర్వాతి తరాల ఆటగాళ్ళు తురుపు రాజును కూడా ఐదో ఆసుగా లెక్కించే మార్పులు తెచ్చారు. ఎన్ని మార్పులు వచ్చినా పునాది మాత్రం బ్లాక్‌వుడ్ వేసిందే.

బ్లాక్‌వుడ్ మిగతా జీవితం కూడా ఇలాగే నిదానంగా, పద్ధతిగా సాగింది. 1949లో బ్రిడ్జ్ హ్యుమానిక్స్ అనే పుస్తకం రాశాడు. ముక్కలను మాత్రమే కాదు, మనుషులను కూడా చదవాలని అందులో ఆయన వాదన. ఎదురుగా కూర్చున్న జోడీదారు యంత్రం కాదు, అతనికీ భయాలు, కోపాలు, అలవాట్లు ఉంటాయని గుర్తుపెట్టుకుని ఆడమన్నాడు. పత్రికల్లో చాలాకాలం బ్రిడ్జ్ శీర్షిక నడిపాడు. మిస్టర్ మజ్జీ, మిసెస్ కీన్ లాంటి పాత్రలను సృష్టించి, వాళ్ళ తెలివీ తెలివితక్కువల చుట్టూ పాఠాలు అల్లాడు. 1970లో స్లామ్‌ల మీదే ఒక పుస్తకం, ఎనభై ఏళ్ళ వయసులో, 1983లో, మొదటి ముక్క ఏది వెయ్యాలన్న దాని మీద ఒక పెద్ద పుస్తకం వెలువరించాడు.

1968లో, 65 ఏళ్ళ వయసులో, అమెరికన్ కాంట్రాక్ట్ బ్రిడ్జ్ లీగ్‌కు కార్యనిర్వాహక కార్యదర్శి అయ్యాడు. అప్పుడు ఆ సంస్థ డబ్బు ఇబ్బందుల్లో ఉంది. జీవితమంతా బీమా లెక్కలు చూసినవాడు కనుక ఖర్చులూ ఆదాయమూ చక్కదిద్ది, 1971లో పదవి దిగేనాటికి సంస్థను నిలబెట్టాడు. మన పూర్వ విద్యార్థుల సంఘం కోశాధికారులు ఈ పేరాను రెండుసార్లు చదవాలని నా మనవి.

1933లో పుట్టిన ఆ కొడుకు సంగతి కూడా చెప్పాలి. అతని పేరూ ఈజ్లీ బ్లాక్‌వుడ్డే. తండ్రి పేకలో ప్రసిద్ధుడైతే కొడుకు సంగీతంలో పేరు తెచ్చుకున్నాడు. 14 ఏళ్ళకే ఇండియానాపొలిస్ సింఫనీ ఆర్కెస్ట్రాతో పియానో వాయించాడు. షికాగో విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు సంగీతం బోధించాడు. మామూలు పియానోలో సప్తకానికి 12 మెట్లుంటే, అంతకంటే ఎక్కువ మెట్లతో స్వరరచన చేసి చూశాడు. ఆయన 2023లో కన్నుమూశాడు. తండ్రి తన ఆటను కొడుకు నెత్తిన రుద్దలేదు. అదీ ఒక మంచి తండ్రి లక్షణమే.

పెద్ద బ్లాక్‌వుడ్ 1992 మార్చి 27న, 88వ ఏట, ఇండియానాపొలిస్‌లో చనిపోయాడు. 1995లో బ్రిడ్జ్ లీగ్ తన హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చింది. ఒకప్పుడు పత్రిక వేసుకోని ఆ ప్రశ్న ఈ రోజు కూడా ప్రపంచంలో ఎక్కడో ఒక బల్ల దగ్గర ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. అందులో సగంసార్లు అడగకూడని చోటే అడుగుతారని నా అనుభవం.

నా మిత్రుడు ఇప్పుడు లేడు. ఈ సంచికలో మా బ్యాచ్ ఫోటో ఉంటే, రెండో వరుస చివర నిలబడి నవ్వకుండా చూస్తున్న సన్నటి పిల్లవాడు అతనే. ఆ పొరపాటు తర్వాత మేమిద్దరం ఇంకా చాలా ఏళ్ళు జోడీగా ఆడాం. చేతిలో ఖాళీ రంగు ఉన్నప్పుడు నేను ఇంకెప్పుడూ నాలుగు నో ట్రంప్ పాడలేదు. అతనికి జబ్బు చేసినప్పుడు కూడా నేను ఆస్పత్రికి వెళ్ళి రిపోర్టులు ఏమన్నాయి, ఎన్ని రోజులన్నారు అని లెక్కలు అడగలేదు. నా సంగతులు చెప్పాను, కోట సంగతులు, బడి సంగతులు చెప్పాను. అతనికి ఏం చెప్పాలనిపిస్తే అది చెప్పనిచ్చాను. ఆ తెలివి నాకు ఒక పేక బల్ల దగ్గర వచ్చిందంటే ఎవరూ నమ్మరు.

మనకు ప్రశ్నలు అడగడం నేర్పింది మన గురువులే. తెలియకపోతే అడగండి, సిగ్గుపడకండి అని ఎన్నిసార్లు చెప్పారో. ఆ పాఠంలో మిగిలిన సగం బ్లాక్‌వుడ్ జీవితంలో నాకు దొరికింది. అడిగేముందు, ఏ జవాబు వస్తే నేను ఏం చేస్తాను అని ఒక్క నిమిషం ఆలోచించుకోవాలి. జవాబు ఏదైనా మన దారి మారకపోతే, ఆ ప్రశ్న అక్కరలేదు. జవాబు వచ్చినా దారి తెలియకపోతే, అది సరైన ప్రశ్న కాదు. స్వర్ణోత్సవం రోజు అందరం కలుద్దాం. ఎవరి ఉద్యోగం ఎంత, ఎవరి ఇల్లు ఎంత, ఎవరి పిల్లలు ఎక్కడ అన్న లెక్కలు ఆ ఒక్క రోజూ పక్కన పెట్టి, ఎవరి సంగతులు వాళ్ళు చెప్పుకుందాం. పేక ముక్కలు మాత్రం నేను తేను, సార్లు ఉంటారు.